అగ్నిపర్వత శిలావాక్య తాత్పర్య విమర్శనము

తర్కపాఠము నారంభించిన బాలునకు మొట్టమొదట వినవచ్చు నుదాహరణము కొండమీఁది పొగను జూచి నిప్పు నూహించుట. వంటయింట పొగయు నిప్పును గలసియుండుటను బలుమాఱు చూచినవాఁడు పర్వతమునఁ బొగను గాంచి యచట నిప్పు గలదని నిశ్చయించును. పక్షము, హేతువు, సాధ్యము, దృష్టాంతము అని యా వాక్యమును విడఁదీసి మేము ముప్పదియేండ్లుగా విద్యార్థులకు బోధించుచున్నాము. ఆ కొండక్రింద నొక యూరు గలదా? ఆ యూరివారు పొగను జూచి యేమి చేసిరి? చూచినవాఁడు చూడనివాని కెట్లు తెలిపెను? తెలిపినను వాఁడేల కదలఁడయ్యెను? ఈ ప్రశ్నలు మా పాఠమున నెన్నఁడును బుట్టలేదు. మన దేశమున జనావాసము చెంతనున్న రగులుకొండ లేకపోవుటయే యిందులకుఁ గారణము. బహుకాలము నిద్రించి 1991లో మరల రగిలిన బారెన్ దీవి యండమాను సముద్రమునఁ గలదు గాని యందు మనుష్యులు లేరు. కావున నగ్నిమంతమైన పర్వతము మనకుఁ దర్కమున నుదాహరణమే యైనది. బ్రదుకునకు సంబంధించిన మాట కాలేదు.

ఇతరదేశములలో నిట్టి కొండల నీడనే తరతరములుగా లక్షలకొలఁది జనులు నివసించుచున్నారు. వారిలోఁ గొందఱు తాము పడిన యాపదను సంతతికిఁ దెలుపఁగోరి ఱాతిపై వాక్యములు చెక్కించిరి. దానశాసనములను, విజయశాసనములను బరిశీలించుట మనకుఁ బరిచితమైన పని. ఇవి భయశాసనములు. భూమి నిచ్చితిమని కాక, భూమిని విడిచి పొండని చెప్పునవి. వానిలో నిటలీ దేశమందలి పోర్తిచి శాసనమును, జపానుదేశమందలి సాకురాజిమా శాసనమును గైకొని, మీమాంసకులు వాక్యతాత్పర్యమును నిర్ణయించు రీతిని బరిశీలించుట యీ వ్యాసమునకు విషయము. ప్రయోజన మేమన, రెండవ శాసనమునకు లోకమునఁ బ్రచారమైన యర్థ మపార్థమని మా యభిప్రాయము. కావ్యమున నపార్థము రసభంగమును జేయును. ఇట్టి శాసనమున నపార్థము ప్రాణములనే తీయును. కావున దీని నుపేక్షింపరాదు.

పోర్తిచి శాసనము

నేపుల్సు నగరమునకు సమీపమున సముద్రతీరమున వెసూవియస్ అను కొండ కలదు. క్రీ.శ. 79లో నది బ్రద్దలై పాంపేయి, హెర్క్యులేనియము మున్నగు పట్టణములను గప్పివేసెను. అంతకుముందే స్ట్రాబో యను భూగోళకారుఁడు, ఆ శిఖరమందలి బూడిదవన్నె నేలను, నిప్పు తిన్నట్లున్న ఱాళ్ళను బట్టి, పూర్వమా కొండ మండియుండునని యూహించెను. అనుమానము నిర్దుష్టమైనది. అది గ్రంథముననే నిలిచెను. కొండక్రింది తోఁటమాలికి ‘కావున నీ విట్లు చేయవలెను’ అను విధిగా మాఱలేదు. ఉత్పాతమును గన్నులారఁ జూచి బ్రదికిన చిన్న ప్లినీ, యిరువదియైదేండ్లు దాఁటిన పిదపఁ జరిత్రకారుఁడగు టాసిటసునకు వ్రాసిన రెండు లేఖలలో నొకదానియందు, ముందు పెక్కుదినములు భూమి కంపించినను గంపానియా సీమలో నది యలవాటైన విషయ మగుటచే జనులంతగా వెఱవలేదని చెప్పినాఁడు. హేతువు కన్నుల యెదుటనే యున్నది; పరిచయముచే నది హేతువుగాఁ దోఁపలేదు. నిత్యము చూచునది సూచనగాఁ గనఁబడకపోవుట మనుష్యస్వభావము. ఈ మాటను ముందుముందు మరల స్మరింపవలసియుండును.

1631 డిసెంబరు 16వ తేదిని వెసూవియస్ మరల భయంకరముగా బ్రద్దలయ్యెను. మూఁడునాలుగు వేలమంది మృతినొందిరి. స్పెయినురాజు ప్రతినిధిగా నా సీమ నేలుచున్న యధికారి పోర్తిచి గ్రామమున బాటప్రక్కను లాటినుభాషలో నొక శాసనమును నిలిపించెను. అందలి విషయమును మా మాటలలోఁ జెప్పెదము. శాసనము రాఁబోవు తరములవారిని బేరుపెట్టి పిలిచినట్లు పిలుచును. ఇది మీకు సంబంధించిన సంగతియే యని యెచ్చరించును. ఈ కొండ యిరువదిమాఱులు మండినదనియు, ప్రతిమాఱును దడయుచు నిలిచినవారే నశించిరనియుఁ జెప్పును. కొండను నిండుచూలాలుగా రూపించి, లోపలి గంధకాదిద్రవ్యములు పేర్కొని, ప్రసవమునకు ముందు కొండ వణఁకును, పొగయును, మెఱయును, గర్జించునని లక్షణములను వివరించును. ప్రాణముకంటె నిల్లును సామగ్రియు మిన్న యనుకొన్నవారి గతిని నిందించి, వానిని విడిచి తడయక పాఱిపొమ్మని ముగించును.

గుణము లెన్నవలసినచో నివి పెక్కులు. సంబోధన మున్నది, లక్షణ మున్నది, విధి యున్నది, విధికి విఘ్నమగు లోభ మెట్టిదో యదియు నున్నది. పాఱిపొండని చెప్పి యూరకుండక, పాఱిపోనీయనిది యేదో దాని నెత్తిచూపుట మిక్కిలి మెచ్చఁదగినది. ఆపదయందు మనుష్యుని గాలు గట్టివేయునది యజ్ఞానము మాత్రమే కాదు, ఇంటి గడపయు నగునని శాసనకర్త యెఱుఁగును. ఇంతటి వాక్యమేల పనిచేయలేదు?

అనుబంధచతుష్టయమున నధికారి యను నొకటి కలదని పండితు లెఱుఁగుదురు. విషయ ప్రయోజన సంబంధములు చక్కఁగా నమరినను, ఎవనికై శాస్త్రము ప్రవర్తించెనో వాఁడు దానిఁ బొందజాలనిచో శాస్త్రము నిష్ఫలము. లాటిను నాఁడు మతగురువులకును, న్యాయవాదులకును దెలిసిన భాష. పోర్తిచిలోని జాలరికిఁ గాని, ద్రాక్షతోఁట కాఁపునకుఁ గాని యది తెలియదు. ఱాయి కేకవేసినను వినవలసినవానికి శబ్దమే కాని యర్థము లేదు. అలంకారశోభ యెక్కువైనకొలఁది నది పండితుల మెప్పును బొందెను. పామరుని పాదమును గదలింపలేదు. చదువఁగలవారైనను గదలిరా? 1738లో నదే పోర్తిచిలో రాజు దన విహారసౌధమును గట్ట నారంభించెను. సమీపమందలి తోర్రె దెల్ గ్రేకో పట్టణము 1794లో ద్రవశిలాప్రవాహమున మునిఁగి, మరల నచటనే కట్టఁబడెను.

ఆ జనులను మూఢులనుట సులభము, న్యాయము కాదు. బూడిద పడిన నేల కొన్నియేండ్లకు సారవంతమగును. ద్రాక్ష పండును, కూరగాయలు పండును. కొండ వందయేండ్ల కొకమాఱు చంపును గాని యేఁటేఁట నన్నము పెట్టును. దానిని శత్రువుగాఁ జూచుట యచటివారికి సాధ్యము కాదు. కోపము గల తండ్రిగా మాత్రమే చూడఁగలరు. నేఁడును వెసూవియస్ చుట్టునుగల మిక్కిలి యపాయకరమైన మండలమున 25 పురసీమలలో నించుమించు ఏడు లక్షలమంది వసించుచున్నారు. 1944 తరువాత నా కొండ మరల మండలేదు. మూఁడుదినములలో వారినందఱఁ దరలింపవలెనని ప్రభుత్వము పద్ధతి యేర్పఱచినది. ఆ పద్ధతికిఁ బ్రాణము మరల వాక్యమే: ఎవఁడు చెప్పును, ఎవఁడు వినును, వినినవాఁడు లేచునా యనునదే.

సాకురాజిమా శాసనము

జపానునకు దక్షిణమునఁ గాగొషిమా నగరమునకెదుట నఖాతములో సాకురాజిమా యున్నది. 1914 వఱకు నది ద్వీపము. పెద్ద ముల్లంగికిని, చిన్ననారింజలకును బ్రసిద్ధమైన నేల. 1779లో నచటి కొండ గొప్పగా బ్రద్దలయ్యెను. ఆ కథ యా దీవి పెద్దల నోళ్ళ నిలిచియుండెను. 1914 జనవరిలో భూమి తఱచుగాఁ గంపింపసాగెను. శిఖరమున ఱాళ్ళు విఱిగిపడెను. తీరమున వేఁడినీళ్ళు పొంగెను. పాతబిలమునుండి తెల్లనిపొగ లేచెను. దీవివారిలోఁ బెక్కురు పెద్దలవలన వినిన కథను స్మరించి, యెవరి యాజ్ఞకును నెదురుచూడక, పడవలెక్కి సాఁగిపోయిరి. తూర్పు సాకురాజిమా గ్రామాధికారి మాత్రము నగరమందలి వాతావరణ పరిశీలనాలయమునకుఁ బలుమాఱు కబురంపి నిర్ణయము నడిగెను. దీవిలోని కొండ బ్రద్దలుగాదని సమాధానము వచ్చెను. దానిని బట్టి యాతఁడు మిగిలిన జనులతోఁ గలఁతపడి పాఱనక్కఱలేదని చెప్పెను. జనవరి 12వ తేది యుదయమునఁ గొండ బ్రద్దలయ్యెను. ఆ సాయంకాలమే నగరమును భూకంపము పడఁగొట్టెను. పిదపఁ బ్రవహించిన ద్రవశిల కడలిని బూడ్చి దీవిని నేలతోఁ గలిపివేసెను.

పదియేండ్లకు, 1924లో, గ్రామమువా రచటి పాఠశాలా ప్రాంగణమున నొక శిలను నిలిపిరి. ఇది యలంకారములు లేని వచనము. 1779 తరువాత నింతటి యాపద లేదనుటతో నారంభించును. ఎనిమిది పల్లెలు నశించెననియు, మృతులును క్షతులును గలసి 140 మంది యనియుఁ జెప్పును. ముందు గనఁబడిన కంపమును, ఱాళ్ళపాటును, వేఁడినీటిని, తెల్లపొగను వరుసగాఁ బేర్కొనును. నిపుణుల నడుగుటను, వారి సమాధానమును, దానిని నమ్మిన చదువరులే యాపదపాలగుటను, గ్రామాధికారి పరివారము సముద్రమున దుమికి కొట్టుకొనిపోవుటను, వారిలో నుద్యోగు లిరువురు కర్తవ్యమున మరణించుటను దెలుపును. పూర్వచరిత్రను బట్టి యీ కొండ మరల బ్రద్దలగుట తప్పదని నిశ్చయించును. పిమ్మట, సిద్ధాంతములను నమ్మక, వింతమాఱుపులను గుర్తించినపుడు ముందుగనే తరలుటకు సిద్ధపడవలెననియు, సాధారణకాలమునఁ గష్టించి పొదుపుచేసి, యెపు డాపద వచ్చినను దారితప్పకుండునట్లుండవలెననియు విధించి ముగియును.

లాటినుశాసనమునఁ బ్రభువు మాటలాడెను. ఇందు తప్పిన గ్రామమే మాటలాడుచున్నది. తన తప్పును దాఁచక ఱాతికెక్కించిన శాసనము మన దేశమున మేము చూచియుండలేదు. చదువు నేర్చుకొను పిల్లలు ప్రతిదినము నడచుచోట దానిని నిలుపుటచే నధికారిదోషమును బరిహరింపఁబడినది.

పూర్వపక్షము

ఈ శిలకు లోకు లొక బిరుదమును దగిలించిరి: శాస్త్రమును నమ్మవలదను శిల. బిరుదము చిన్నది గావున శాసనముకంటె నదియే యెక్కువ దూరము ప్రయాణము చేసినది. వీరి వాదమిట్లుండును: శాసనమున నిషేధము స్పష్టముగా నున్నది, ఆ నిషేధమునకుఁ గారణము కథారూపమునఁ జెప్పఁబడినది, కావున నిపుణులమాట నమ్మరాదనుటయే ప్రధానార్థము, సామాన్యుని కంటిచూపు శాస్త్రజ్ఞుని యంత్రముకంటె మిన్న. ఈ యర్థము వినుట కింపైనది. పెద్దలకుఁ దగిన శాస్తి జరిగినదని తలంచుకొనుటలో సామాన్యునకు నొక సంతోషము కలదు. ఇంపైనదెల్ల దాత్పర్యము కాదు.

సిద్ధాంతము

తాత్పర్యనిర్ణయమునకు మన పెద్దలు షడ్లింగములను జెప్పిరి. ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి అనునవి యవి. శాసనము నీ యొఱగంటిపై రాచి చూచెదము. ఉపక్రమమున భూకంపాది సూచనలు. ఉపసంహారమున సూచనలను గుర్తించి ముందుగనే తరలుట. రెండింటికిని సామ్యము సూచనలయందును, తరలుటయందును గలదు, శాస్త్రనిందయందు లేదు. అభ్యాస మేది? పూర్వ ముత్పాతము జరిగినది, నేఁడు జరిగినది, మరల జరుగును అని మూఁడుమాఱులు వచ్చినది పునరావృత్తియే. అపూర్వత యనఁగా నితరప్రమాణమునఁ దెలియరాని విషయము: ఆజ్ఞకై యెదురుచూడక కదలవలెననుట. సామాన్యముగా నందఱు నాజ్ఞకై యెదురుచూతురు గావున నిదియే క్రొత్త. ఫలము దారితప్పకుండుట. ఉపపత్తి పూర్వచరిత్ర. ఇఁక మిగిలినది యర్థవాదము. నిపుణుని నమ్మి చెడిన కథ యిందులోనిది.

నిందార్థవాదమునకు మీమాంసకులు చెప్పిన న్యాయము ప్రసిద్ధము. దానిని నహినిందాన్యాయ మందురు. నింద నింద్యమును నిందించుటకుఁ బ్రవర్తింపదు, విధేయమును బ్రశంసించుటకే ప్రవర్తించునని దాని సారము. ఒక హోమకాలమును నిందించినపుడు మఱియొక హోమకాలమును విధించుటయే యుద్దిష్టము. నిందితకాలము స్వరూపముచే దుష్టమని కాదు. ఇచటను సిద్ధాంతములను నమ్మకుఁడను మాట, సూచన కనఁబడిన వెంటనే కదలుఁడను విధికి బలము చేకూర్చుటకే వచ్చినది. విధిని విడిచి నిందను బట్టుకొన్నవాఁడు పండును బాఱవైచి తొక్కను దిన్నవాఁడు.

బిరుదార్థమును నిలుపఁబూనినచో మఱియొక దోషము దాపురించును. అది స్వవచనవ్యాఘాతము. పూర్వచరిత్రను బట్టి మరల బ్రద్దలగుట తప్పదని శాసనమే చెప్పుచున్నదిగదా! ఇది ప్రత్యక్షమా? కాదు, అనుమానము. వ్యాప్తిని గ్రహించి భవిష్యత్తును నిర్ణయించుట సిద్ధాంతమే. సిద్ధాంతము లెవ్వియు నమ్మరానివైనచో శాసనమందలి యీ వాక్యమును నమ్మరాదు. దీనిని నమ్మనిచో బిల్లలకై శిలను నిలుపుటయే వ్యర్థము. కావున వర్జ్యము సిద్ధాంతమాత్రము గాదు. అట్లైన నేది?

1914లో జరిగిన తప్పు విచారించినచో నది తేటపడును. పరిశీలనాలయమువారు, మాకు సూచనలు చాలినన్ని కనఁబడలేదని చెప్పలేదు, బ్రద్దలుగాదని చెప్పిరి. అనుపలబ్ధి యభావమును సాధించునా? వెలుఁగున్న యింట కుండ కనఁబడనిచోఁ గుండ లేదని చెప్పవచ్చును. ఉన్నచోఁ గనఁబడవలసినదే గనుక. చీఁకటియింటఁ గనఁబడకున్నచోఁ జెప్పరాదు. యోగ్యమైన యనుపలబ్ధియే ప్రమాణమని మనవారి నిర్ణయము. కొండ గర్భమును దెలియుటకు నాఁడు నగరమందలి సాధనములు చాలవు. అది చీఁకటియిల్లు. చీఁకటిలో వెదకి కుండ లేదని చెప్పుట శాస్త్రము గాదు, శాస్త్రమునకు వైరుధ్యము. శాసనము వర్జింపుమన్నది యిట్టి యయోగ్యానుపలబ్ధిని. కంటి యెదుటి హేతువును గప్పివేయు పరోక్షమాటను. ఈ యర్థమున శాసన మక్షరాల సత్యము.

విపరీతోదాహరణములు

బిరుదార్థ మెంత యపాయకరమో యావాద్వీపమందలి మెరాపి కొండ తెలుపును. ఆ కొండకు సుల్తానుచే నియమింపఁబడిన సంరక్షకుఁడు మరిజాన్ అను వృద్ధుఁడు. కొండకు నైవేద్యములు సమర్పించుట యాతని కులక్రమాగతమైన విధి. 2006లో నధికారులు తరలుమన్నను దన పల్లెను విడువఁడయ్యెను. అప్పు డాయన బ్రదికి దేశమెల్లఁ గీర్తి గడించెను. ఆ బ్రదుకుటయే దృష్టాంతమైనది. 2010 అక్టోబరు 26న మరల నట్లే నిలిచెను. కొండనుండి దిగివచ్చిన కాఁగిన బూడిదమేఘమున నాయనయుఁ, బలువురును మరణించిరి. తన ధర్మమునకుఁ గట్టుపడి ప్రాణమిచ్చినవానిని మేము నిందింపము. ఒక్కమాఱు తప్పినంత వ్యాప్తి భంగమైనదని తలఁచిన లోకుల తర్కమునే విమర్శింతుము. అపాయము రాకపోవుట హెచ్చరిక యబద్ధమని నిరూపింపదు. ఆ యేఁటనే పరిశీలకులు వర్జ్యమండలమును గ్రమముగా 20 కిలోమీటర్లకుఁ బెంచి జనులను గదలించిరి. నవంబరు 5న మఱింత పెద్ద యుత్పాతము వచ్చెను. మొత్తమున మూఁడువందల యేఁబదికిఁ బైఁగా జనులు మరణించినను, ఆ తరలింపువలనఁ బదివేలకుఁ దక్కువగాక ప్రాణములు నిలిచెనని శాస్త్రజ్ఞుల యంచనా. ఇచట నిపుణుని మాట నమ్మినవాఁడు బ్రదికెను.

కొలంబియాదేశమందలి ఆర్మెరో పట్టణకథ యింతకంటె దుఃఖకరము. నెవాడో దెల్ రూయిజ్ అను మంచుకొండ 1985 నవంబరు 13 రాత్రి బ్రద్దలై శిఖరమందలి మంచును గొంత కరఁగించెను. నీరును బూడిదయుఁ గలసి బురదయేఱై లోయలవెంట రెండున్నరగంటలు పాఱి, నడిరేయి సమీపించునప్పటికి ఆర్మెరోను ముంచెను. మొత్తము సుమారు 23,000 మంది మృతినొందిరి. అక్టోబరులోనే సిద్ధమైన యపాయపటమునఁ ఆర్మెరో గుఱుతింపఁబడియే యుండెను. 1595లోను, 1845లోను నట్టి బురదయే ప్రవహించెను. పట్టణము 1845 నాఁటి బురదమీఁదనే వెలసెను. ఆనాఁటి సాయంకాలము బూడిద కురియఁగా రేడియోలోను, చర్చియందలి శబ్దవర్ధకమునను వినవచ్చిన మాట, కలఁతపడక యిండ్లలో నుండుఁడనుటయే. ఇచట సిద్ధాంతము సరియైనది. జనులు దానిని నమ్మి చెడలేదు. అది వారిని జేరకయే చెడిరి.

శబ్దశక్తి విచారము

చేరుట యనఁగా నేమి? చెవిని దాఁకుట మాత్రము కాదు. ఇది వైయాకరణులు విచారింపవలసిన విషయము. బాలుఁడు పదశక్తిని వృద్ధవ్యవహారమువలన గ్రహించును. గోవును దెమ్మని యొకరు చెప్పఁగా వేఱొకరు తెచ్చుటను జూచి యర్థమును దెలిసికొనును. ఏ పదార్థమును వృద్ధుఁడును జూడలేదో, దాని పేరు వినిన నేమి గ్రహించును? మన యగ్నిపర్వతశబ్దమునే చూడుఁడు. అగ్నిగర్భమైన పర్వతమని మధ్యమపదలోపి సమాసముగా విగ్రహింతుము. పదము కొండను జూపును, నిప్పును జూపును. ఏటిని జూపదు, బురదను జూపదు. పెక్కుకిలోమీటర్ల దూరమున నదీతీరమునఁ గాఁపురమున్న ఆర్మెరోవానికిఁ గొండ మండుననిన వాక్యము, నీ వీథిలో బురద పాఱునని యెట్లు బోధించును? గంగయందు గొల్లపల్లె యన్నపుడు ముఖ్యార్థము పొసఁగనందునఁ దీరమను లక్ష్యార్థమును వెదకుదుము. ఇచట ముఖ్యార్థము చక్కఁగాఁ బొసఁగుటచేతనే లక్ష్యార్థము తోఁపలేదు. అట్టి బురదయేటికి నేఁడు శాస్త్రజ్ఞులు వాడు ‘లహార్’ అను మాట యావాభాషలోనిది. ధ్వనిసామ్యమును జూచి మన లహరీశబ్దముతో ముడిపెట్టుట తగదు గాని, ఆ జనుల భాషలో నా యాపదకుఁ బ్రత్యేకనామ ముండుట గమనింపఁదగినది. పేరున్న యాపదను బిల్లవాఁడు సైత మెఱుఁగును.

జపానులోనే ఉన్జెన్ కొండకడ 1991 జూన్ 3న కాఁగిన బూడిదయు, వాయువును, ఱాళ్ళును గలసిన మేఘము వాలున దూసికొనివచ్చి 43 మందిని బొరిగొనెను. వారిలోఁ బత్రికావిలేఖరులును, గ్రామరక్షకదళమువారును, ముగ్గురు విదేశశాస్త్రజ్ఞులును గలరు. అట్టి ప్రవాహమునకు శాస్త్రమునఁ బేరున్నను, సామాన్యుల వ్యవహారమున నా పద మప్పటికి నాటుకొనలేదు. చిన్నచిన్న ప్రవాహములను గొన్నిదినములుగాఁ జూచుటచే నది దూరమునుండి చూడఁదగిన వింతగాఁ గొందఱకుఁ దోఁచెను. ప్లినీ చెప్పిన పరిచయదోషమిదియే.

దీనికిఁ బ్రతిక్రియ ఫిలిప్పీను దీవులలోఁ గనఁబడును. పినాతుబో కొండ సుమారు ఐదువందలయేండ్లు నిద్రించి 1991 ఏప్రిలులో మేల్కొనెను. అచటి జనులు తమ కొండ యిట్టిదని నమ్మరైరి. వృద్ధవ్యవహార మచట లేదు. పరిశీలకు లొక చలనచిత్రమును జూపిరి. బూడిదమేఘ మెట్లు పాఱునో, బురద యిండ్ల నెట్లు ముంచునో యందుఁ గనఁబడును. దానిని సిద్ధపఱచినవారు మోరీస్, కాతియా క్రాఫ్ట్ అను దంపతులు. ఉన్జెన్ కడ మరణించినవారిలో వారు నుండిరి. వారు గతించిన పండ్రెండుదినములకు, జూన్ 15న పినాతుబో మహోత్పాతము వచ్చెను. అప్పటికి వేలకొలఁది జనులు తరలిపోయియుండిరి. కనీసము 5,000 ప్రాణములు నిలిచెనని యంచనా. చిత్రము వృద్ధవ్యవహారమునకు బదులుగా నిలిచి పదములకు శక్తిని గల్పించెను. సాకురాజిమాలో 1779 నాఁటి కథ యే పని చేసెనో, యిచట చిత్ర మదే పని చేసినది.

శాసనమునకు శేషము

ఇఁక సాకురాజిమా శాసనమున విమర్శకులు సాధారణముగా విడిచిపెట్టు తుదివాక్యము. కష్టించి పొదుపుచేయుమనుట యప్రస్తుత నీతిబోధ యని తోఁచును. అట్లుగాదు. విధికి నంగము లేనిచో విధి నడువదు. తరలుమనుట ప్రధానవిధి, తరలుటకు సాధనము పొదుపు. కూడఁబెట్టినది లేనివాఁడు పాక విడిచి యెచటికిఁ బోవును? మెరాపి వాలున 2010లో శిబిరములకుఁ జేరినవారిలోఁ గొందఱు పశువులకు మేఁతవేయుటకు మరల పల్లెకుఁ బోవుచుండిరి. వారికి సూచన తెలియక కాదు, విధి తెలియక కాదు, అంగము లోపించినది. పోర్తిచి శాసనము లోభమును నిందించెను. సాకురాజిమా శాసనము పేదఱికమును దలఁచెను. మా దృష్టిలో రెండవదే లోతైనది.

దోషమును జెప్పకుండుట విమర్శధర్మము గాదు. శాసనము సిద్ధాంతశబ్దమును నిర్విశేషముగాఁ బ్రయోగించెను. చాలని సాధనముతోఁ జెప్పిన నిశ్చయమును నమ్మవలదని విశేషించియున్నచో బిరుదమునకుఁ జోటుండెడిది కాదు. దుఃఖమున వ్రాయఁబడిన వాక్యమున నా చిన్నలోపమును సహృదయులు క్షమింపవచ్చును. వ్యాఖ్యాతలు మాత్రము పూరింపవలెను.

కాలమే యా వ్యాఖ్యను గొంత వ్రాసినది. 1960లో క్యోటో విశ్వవిద్యాలయమువా రదే దీవిలోఁ బరిశీలనాలయమును స్థాపించిరి. కొండగర్భము పొంగుటను, నేల యొరగుటను గొలుచు యంత్రములు నేఁడచటఁ గలవు. చీఁకటియింట దీపము పెట్టఁబడినది. 2022 జులై 24న హెచ్చరికను మిక్కిలి పైదైన 5వ స్థాయికిఁ బెంచి సమీపమందలి జనులను గదలించిరి, మూఁడుదినములకు దగ్గించిరి. ఏటేట దీవివారు తరలుట నభ్యాసము చేయుదురు. శిల యింకను బడిలోనే యున్నది. యంత్రమును శిలయు నొండొంటికిఁ బగగావు. ఒకటి హేతువును జూపును. వేఱొకటి హేతువును జూచిన పిదపఁ గూర్చుండవలదని చెప్పును.

ధూమమును జూచి వహ్నిని నిశ్చయించుటతో మన పాఠము ముగియుచున్నది. కొండక్రిందివానికి నది పాఠారంభము. వహ్ని గలదని తెలిసినవాఁడు లేచి ప్రక్కయింటి తలుపు తట్టినఁగాని, తట్టఁబడినవాఁడు ఆ మాటకర్థము నెఱిఁగినఁగాని, యెఱిఁగినవానికిఁ బోవుటకుఁ ద్రోవయుఁ గూడును గలిగినఁగాని, యనుమానము పూర్తిగాదు. ఇఁకమీఁద నీ యుదాహరణమును బోధించు పాఠశాలాపండితులు కొండక్రింద నొక యూరిని గూడఁ జిత్రించి చూపుదురుగాక యని ప్రార్థించుచున్నాము.